టైపు చెబితే కోడ్ పుడుతుంది: డిరైవింగ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఫంక్షనల్ భాషల్లో పనిచేసేవాళ్ళు టైపు రాసి, దాని కింద డిరైవింగ్ అని ఒక ముక్క తగిలించి ముందుకు వెళ్ళిపోతారు. దాని వల్ల ఏ కోడ్ పుడుతుంది, దాన్ని ఎంతవరకు నమ్మొచ్చు అన్న ప్రశ్నలు మాత్రం ఏదో ఒకటి చెడ్డాకే వస్తాయి. ఇక్కడి ఉదాహరణలు ఎక్కువగా హాస్కెల్ అనే ఫంక్షనల్ భాషవి, ఎందుకంటే ఈ విషయంలో ఎక్కువ ప్రయోగాలు జరిగింది అక్కడే. కోడ్ ముక్కలు చదువుకోవడానికి వీలుగా తెలుగు లిపిలో ఉన్నాయి. కంపైలర్‌కి ఇచ్చేటప్పుడు అసలు కీవర్డ్‌లే వాడాలి.

టైపు నుంచి కోడ్ పుట్టడం అంటే ఏమిటి?

మీరు ఒక టైపు నిర్వచించారు. ఇక దాని విలువలు రెండు సమానమో కాదో చూడాలి, తెర మీద చూపించాలి, వరుసలో పేర్చాలి, జేసన్‌గా మార్చి అవతలికి పంపాలి. ఇవన్నీ చేత్తో రాయొచ్చు. కానీ నాలుగైదు టైపులకి రాసేసరికి, ఇందులో మన బుర్రకి పనేమీ లేదని అర్థమవుతుంది. టైపులో ఏ కన్‌స్ట్రక్టర్లు (విలువని తయారుచేసే రూపాలు) ఉన్నాయి, ఒక్కోదానిలో ఏ ఫీల్డులున్నాయి అన్నది చూస్తే చాలు, ఫంక్షన్ దానంతటదే తేలిపోతుంది. అలా తేలిపోయే కోడ్‌ని మనిషి బదులు కంపైలరో, మాక్రోనో, లైబ్రరీనో రాయడమే డిరైవింగ్.

దీని అసలు లాభం టైపింగ్ తగ్గడం కాదు. ఆర్నెల్ల తర్వాత టైపుకి ఒక ఫీల్డు కలిపితే, చేత్తో రాసిన సమానత్వ ఫంక్షన్ ఆ ఫీల్డుని పట్టించుకోకుండానే కంపైల్ అయిపోవచ్చు. డిరైవ్ చేసినదైతే మర్నాటి బిల్డులోనే తనని తాను సరిదిద్దుకుంటుంది.

ఏం రాయాలో కంపైలర్‌కి ఎలా తెలుస్తుంది?

ఫంక్షనల్ భాషల్లో డేటా టైపు అంటే రెండే పనులు: "ఇది గానీ అది గానీ" అని ఎంచుకోవడం, "ఇదీ అదీ కూడా" అని కలపడం. మొదటిదాన్ని సమ్ అనీ రెండోదాన్ని ప్రొడక్ట్ అనీ అంటారు. ఈ చెట్టు చూడండి:

డేటా చెట్టు అ = ఆకు | కొమ్మ (చెట్టు అ) అ (చెట్టు అ)

ఇది రెండు ఎంపికల సమ్. మొదటి ఎంపికలో ఫీల్డులు లేవు. రెండోది మూడు ఫీల్డుల ప్రొడక్ట్. సమానత్వానికి సూత్రం కూడా ఇంతే చిన్నది: ఇద్దరూ ఒకే ఎంపికలో ఉండాలి, ఆ ఎంపికలోని ఫీల్డులన్నీ జతజతగా సమానం కావాలి. దాని ప్రకారం పుట్టే కోడ్ ఇలా ఉంటుంది:

ఆకు == ఆకు = నిజం
(కొమ్మ ఎ1 వి1 కు1) == (కొమ్మ ఎ2 వి2 కు2) = ఎ1 == ఎ2 && వి1 == వి2 && కు1 == కు2
మిగతా ఏ జతైనా = అబద్ధం

ఎడమ, కుడి ఫీల్డుల టైపు మళ్ళీ చెట్టే కాబట్టి ఫంక్షన్ తనని తానే పిలుచుకుంటుంది. మధ్యలో ఉన్న "అ" ఏ టైపో తెలియదు కాబట్టి, "అ కి సమానత్వం ఉంటేనే చెట్టు అ కి ఉంటుంది" అనే షరతుని కంపైలర్ తనే చేరుస్తుంది. వరుస చెప్పే ఆర్డ్ కూడా ఇదే దారి. కన్‌స్ట్రక్టర్లు వేరైతే టైపులో ముందు రాసినది చిన్నది. ఒకటే అయితే ఫీల్డులని ఎడమ నుంచి కుడికి పోలుస్తూ, మొదటి తేడా దగ్గర ఆగిపోతుంది.

ఎన్ కన్‌స్ట్రక్టర్లుంటే పోలికకి ఎన్ స్క్వేర్ జతలు రాయాలేమో అని అనుమానం రావచ్చు. హాస్కెల్ ప్రధాన కంపైలర్ జీహెచ్‌సీ ఆ పని చేయదు. ఒక్కో కన్‌స్ట్రక్టర్‌కి లోపల ఒక నంబరు ఉంటుంది, ముందు ఆ నంబర్లనే పోలుస్తుంది.

అంటే కన్‌స్ట్రక్టర్ల వరుస మారిస్తే ప్రోగ్రాం ప్రవర్తన మారుతుందా?

మారుతుంది, అదీ చప్పుడు లేకుండా.

డేటా ప్రాధాన్యం = తక్కువ | మామూలు | ఎక్కువ డిరైవింగ్ (ఈక్, ఆర్డ్, షో)

దీనికి "అత్యవసరం" కలపాల్సొచ్చి, ఎవరో అక్షరక్రమం బాగుంటుందని మొదట్లో పెట్టారనుకోండి. కంపైలర్ ఒక్క మాట కూడా అనదు. అత్యవసరం పనులన్నీ జాబితా అడుగుకి జారిపోతాయి. వరుసకి నిజంగా అర్థం ఉన్న టైపు అయితే డిరైవ్ చేయండి, కానీ పక్కనే ఒక కామెంటు రాయండి, "తక్కువ < ఎక్కువ" అని ఒక టెస్టు కూడా పెట్టండి. వరుసకి అర్థమే లేకపోయినా, మ్యాప్‌లో కీగా వాడుకోవడం కోసం ఆర్డ్ డిరైవ్ చేయడం మామూలే. అందులో తప్పు లేదు. ఆ వరుసని యూజర్‌కి చూపించే జాబితాలకి వాడితేనే ఇబ్బంది.

రస్ట్‌లోనూ మామూలుగా పైనుంచి కిందికి రాసిన క్రమమే. ఓకామెల్‌లో ఇంకో మెలిక ఉంది: భాషతో పాటు వచ్చే కంపేర్ ఫంక్షన్, ఫీల్డులు లేని కన్‌స్ట్రక్టర్లన్నీ ఫీల్డులున్న వాటికంటే చిన్నవిగా లెక్కిస్తుంది, మీరు ఏ వరుసలో రాసినా సరే. కోడ్‌ని కంపైల్‌కి ముందే విస్తరించే పీపీఎక్స్ డిరైవింగ్‌తో పుట్టించిన పోలిక మాత్రం రాసిన వరుసనే పాటిస్తుంది. ఒకే టైపుకి రెండు పోలికలు, రెండు జవాబులు.

హాస్కెల్‌లో ఏవేవి డిరైవ్ చేసుకోవచ్చు?

హాస్కెల్ 98 ప్రమాణంలో ఏడు టైప్‌క్లాసులు (ఒక టైపు ఏ పనులు చేయగలదో చెప్పేవి): ఈక్ (సమానత్వం), ఆర్డ్ (వరుస), ఎనమ్ (ఒక్కొక్కటిగా లెక్కించడం), బౌండెడ్ (కనిష్ఠ, గరిష్ఠ విలువలు), షో (స్ట్రింగుగా చూపడం), రీడ్ (స్ట్రింగు నుంచి చదవడం), ఐఎక్స్ (ఇండెక్సుగా వాడడం). ఒక టైపుకి ఆ పనులు రాసిపెట్టిన కోడే ఇన్‌స్టన్స్. వీటిలో ఎనమ్‌కి కన్‌స్ట్రక్టర్లలో ఫీల్డులు ఉండకూడదు. బౌండెడ్‌కి, ఐఎక్స్‌కి అయితే అలా ఉండాలి, లేదా ఒకే ఒక్క కన్‌స్ట్రక్టర్ ఉండాలి. తర్వాత జీహెచ్‌సీ ఎక్స్‌టెన్షన్లుగా ఫంక్టర్, ఫోల్డబుల్, ట్రావర్సబుల్, జెనరిక్, లిఫ్ట్ చేరాయి. జీహెచ్‌సీ 9.2తో వచ్చిన జీహెచ్‌సీ2021 వాడితే ఇవన్నీ విడిగా ఆన్ చేయకుండానే దొరుకుతాయి.

రీడ్ గురించి ఒక్క మాట. డిరైవ్ చేసిన రీడ్ చాలా నెమ్మది, తప్పు ఎక్కడుందో కూడా చెప్పదు. చిన్న ప్రయోగాలకి తప్ప వాడకండి.

ఫంక్టర్ డిరైవ్ చేస్తే అది నేను అనుకున్న ఫంక్టరే అవుతుందని నమ్మకమేంటి?

నమ్మొచ్చు. డిరైవింగ్ అంతటిలోనూ అందరికంటే నికార్సైన సభ్యుడు ఇదే. ఫంక్టర్ అంటే ఆకారం మారకుండా లోపలి విలువలకి ఒక ఫంక్షన్‌ని వర్తింపజేసే ఎఫ్‌మ్యాప్ ఉన్న టైపు. ఒక టైపుకి, ఫంక్టర్ నియమాలు పాటించే ఎఫ్‌మ్యాప్ ఒకటికి మించి ఉండదు. పారామెట్రిసిటీ (ఏ టైపో తెలియని విలువ లోపలికి ఫంక్షన్ తొంగిచూడలేదన్న గుణం) నుంచి వచ్చే ఫలితం ఇది. కాబట్టి కంపైలర్ రాసినా, మీరు రాసినా, ఇంకెవరు రాసినా చివరికి వచ్చేది ఒకటే.

లోపలి విలువలని ఒక్కొక్కటిగా చూసుకుంటూ వెళ్ళే ఫోల్డబుల్, ట్రావర్సబుల్‌కి ఆ భరోసా లేదు. విలువలని ఏ క్రమంలో చూడాలన్నది అక్కడ నిజంగా ఒక ఎంపిక, డిరైవింగ్ ఫీల్డులు రాసిన క్రమాన్నే తీసుకుంటుంది. పైన చెట్టులో విలువ రెండు కొమ్మల మధ్యలో ఉంది కాబట్టి, లిస్టుగా మారిస్తే ఇన్‌ఆర్డర్ వస్తుంది. అదే టైపుని "కొమ్మ అ (చెట్టు అ) (చెట్టు అ)" అని రాసి ఉంటే ప్రీఆర్డర్ వచ్చేది. బైనరీ సెర్చ్ ట్రీకి మొదటిది వరుసలో ఉన్న లిస్టు ఇస్తుంది, రెండోది ఇవ్వదు. ఫీల్డులు అటూ ఇటూ జరిపినంత మాత్రాన ఏమవుతుందిలే అనుకునేవాళ్ళు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

టైపు పారామీటర్ ఫంక్షన్‌కి ఇన్‌పుట్‌గా ఉంటే, అంటే "అ -> పూర్ణాంకం" లాంటి ఫీల్డు ఉంటే, ఫంక్టర్ డిరైవ్ కాదు. కాకూడదు కూడా. కానీ "(అ -> పూర్ణాంకం) -> పూర్ణాంకం" అయితే అవుతుంది. రెండుసార్లు తిరగబడి మళ్ళీ అవుట్‌పుట్ వైపుకే వచ్చేసింది కాబట్టి.

మరి మోనాయిడ్, మోనాడ్ ఎందుకు డిరైవ్ కావు?

మోనాయిడ్ అంటే రెండు విలువలని ఒకటిగా కలిపే పద్ధతి, మోనాడ్ అంటే పనులని ఒకదాని తర్వాత ఒకటి గొలుసుగా కలిపే పద్ధతి. టైపు ఆకారం చూసి వీటికి ఒకే జవాబు చెప్పలేం కాబట్టి. పూర్ణాంకాలని కలపడం అంటే కూడికా, గుణకారమా, పెద్దది ఎంచుకోవడమా? మూడూ చెల్లుతాయి, మీకు ఏది కావాలో టైపులో రాసి లేదు.

డిరైవింగ్‌కి సంబంధించిన ప్రతి ప్రశ్ననీ ఇదే గీటురాయి మీద గీసి చూస్తాను: ఈ ఫంక్షన్ అర్థం మొత్తం టైపు ఆకారంలోనే ఉందా, లేక కొంత బయట ఎక్కడో ఉందా? మొత్తం ఆకారంలోనే ఉంటే కళ్ళు మూసుకుని డిరైవ్ చేయండి. కొంత బయట ఉంటే, డిరైవింగ్ ఆ భాగాన్ని ఊహించేస్తుంది. ఊహించానని మీకు చెప్పదు.

నా సొంత టైప్‌క్లాస్‌కి డిరైవింగ్ ఎలా తెచ్చుకోవాలి?

హాస్కెల్‌లో రెండు ప్రధాన దారులు: జెనరిక్స్, టెంప్లేట్ హాస్కెల్.

జెనరిక్స్ 2010లో ఒక పరిశోధనా పత్రంగా వచ్చి, జీహెచ్‌సీ 7.2లో చేరాయి. ఆలోచన ఇది. కంపైలర్ మీ టైపుకి ఒక "రెప్" ఇస్తుంది, అంటే అదే ఆకారాన్ని కొన్ని ప్రామాణిక ముక్కలతో మళ్ళీ కట్టిన టైపు. ఫీల్డులు లేని చోట ఒక ముక్క, ఒక ఫీల్డుకి ఒకటి, రెండు ఎంపికలకి ఒకటి, రెండు ఫీల్డుల జతకి ఒకటి, పేర్లు మోసుకెళ్ళడానికి ఒకటి. అసలు విలువని రెప్‌గా మార్చే "ఫ్రమ్", వెనక్కి తెచ్చే "టు" కూడా కంపైలరే ఇస్తుంది. మీరు ఈ ఐదు ముక్కలకి మీ ఫంక్షన్ ఎలా పనిచేయాలో ఒక్కసారి చెబితే చాలు, జెనరిక్ ఉన్న ప్రతి టైపుకీ అది పనిచేస్తుంది. రాసేది మామూలు హాస్కెల్ కోడే, టైపులు ఎప్పటిలాగే చెక్ అవుతాయి. ఇది దీని బలం.

టెంప్లేట్ హాస్కెల్ 2002 నుంచి ఉంది. కంపైల్ సమయంలో మీ ఫంక్షన్ నడిచి, టైపు నిర్వచనాన్ని డేటాగా చదివి, కొత్త కోడ్‌ని చెట్టురూపంలో తిరిగిస్తుంది. దీంతో కొత్త పేర్లు, కొత్త టైపులు కూడా పుట్టించొచ్చు. జెనరిక్స్‌తో అది కుదరదు. రికార్డు ఫీల్డులకి లెన్సులు (ఒక ఫీల్డుని చదవడానికీ మార్చడానికీ వాడేవి) పుట్టించడం దీనికి బాగా తెలిసిన ఉపయోగం. దీనికి కట్టాల్సిన మూల్యం: ఫైల్లో డిక్లరేషన్ల వరుస ముఖ్యమవుతుంది, ఒక మాడ్యూల్ మారితే దాని మీద ఆధారపడ్డవి ఎక్కువగా రీకంపైల్ అవుతాయి, ఎర్రర్లు మీరు రాయని కోడ్‌లోంచి వస్తాయి.

ఇన్‌స్టన్స్ మాత్రమే కావాలంటే జెనరిక్స్. కొత్త పేర్లు కావాలంటే టెంప్లేట్ హాస్కెల్. ఇంతకంటే పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు.

న్యూటైప్ డిరైవింగ్, వయా డిరైవింగ్ అంటే ఏమిటి?

న్యూటైప్ అంటే లోపలి విలువకి కంపైలర్ మాత్రమే చూసే కొత్త పేరు. రన్‌టైమ్‌లో రెండూ ఒకటే. కాబట్టి లోపలి టైపుకి ఉన్న ఇన్‌స్టన్స్‌ని ఉన్నదున్నట్టు న్యూటైప్‌కి వాడేసుకోవచ్చు, కొత్త కోడ్ పుట్టాల్సిన పనే లేదు.

ఇది వినడానికి అమాయకంగా ఉంటుంది కానీ చాలా ఏళ్ళపాటు హాస్కెల్ టైపు వ్యవస్థలో ఇదొక రంధ్రం. పూర్ణాంకం మీద ఒక న్యూటైప్ తీసుకుని, దానికి ఆర్డ్ తలకిందులుగా రాశారనుకోండి. ఒక క్లాస్‌లో "సెట్ ఆఫ్ అ" తిరిగిచ్చే మెథడ్ ఉంది. దాన్ని న్యూటైప్ డిరైవింగ్‌తో తెచ్చుకుంటే, పూర్ణాంకాల ఆరోహణ క్రమంలో కట్టిన సెట్ అవరోహణ క్రమం ఆశించే కోడ్ చేతికి వస్తుంది. సెట్ లోపల వస్తువు ఉంటుంది, వెతికితే దొరకదు. టైప్ ఫ్యామిలీలు (ఇచ్చిన టైపుని బట్టి వేరే టైపు ఇచ్చేవి) కలిస్తే ఇంకా ఘోరం: ఏ టైపునైనా ఏ టైపుగానైనా చెలామణీ చేయించొచ్చు.

2014లో జీహెచ్‌సీ 7.8 రోల్స్ తెచ్చి దీన్ని మూసేసింది. ప్రతి టైపు పారామీటర్‌కీ ఒక రోల్ ఉంటుంది. సెట్ పారామీటర్‌ది నామినల్, అంటే పేరు మారితే వేరే టైపే, మార్పిడి కుదరదు. కాబట్టి ఇప్పుడు పై ఉదాహరణ కంపైల్ అవదు.

ఈ పునాది మీదే 2018లో జీహెచ్‌సీ 8.6 డిరైవింగ్ వయా వచ్చింది. ఇందాక మోనాయిడ్ డిరైవ్ కాదన్నాను కదా. వయాతో అవుతుంది, ఎందుకంటే ఎంపిక మీరు చెబుతారు:

న్యూటైప్ మొత్తం = మొత్తం పూర్ణాంకం
 డిరైవింగ్ (సెమీగ్రూప్, మోనాయిడ్) వయా (సమ్ పూర్ణాంకం)

"కూడిక ప్రకారం కలుపు" అని ఒక్క లైన్లో చెప్పేశాం. బయట ఉన్న అర్థాన్ని టైపు పక్కకి తెచ్చి రాయడం ఇది. హాస్కెల్‌లో ఈ మధ్యకాలంలో వచ్చిన వాటిలో ఇంత చిన్న రూపంలో ఇంత పని చేసేది నాకు ఇంకోటి కనిపించలేదు.

ఒకే క్లాస్‌కి రెండు మూడు పద్ధతులు కుదిరినప్పుడు ఏది వాడాలో స్టాక్ (కంపైలర్‌కి ముందే తెలిసినది), న్యూటైప్, ఎనీక్లాస్ (క్లాస్ ఇచ్చే డిఫాల్ట్ కోడ్ వాడుకునేది), వయా అని స్పష్టంగా రాయడం అలవాటు చేసుకోండి. జీహెచ్‌సీ2024లో ఇలా స్ట్రాటజీ పేరు రాసే సౌకర్యం ముందే ఆన్ అయి ఉంటుంది, ఎనీక్లాస్‌కి, వయాకి మాత్రం వాటి ఎక్స్‌టెన్షన్లు విడిగా ఆన్ చేయాలి.

ఓకామెల్, రస్ట్‌లలో కూడా ఇదే జరుగుతుందా?

బయటికి ఒకేలా కనిపిస్తాయి, లోపల ముఖ్యమైన తేడా ఉంది. హాస్కెల్ డిరైవింగ్‌కి టైపులు తెలుసు. ఓకామెల్ పీపీఎక్స్‌కీ, రస్ట్ డిరైవ్ మాక్రోలకీ తెలిసేది రాత మాత్రమే. ఫీల్డు పక్కన ఏ పేరు రాసి ఉందో చూస్తాయి, ఆ పేరు వెనక ఏముందో వాటికి తెలియదు.

రస్ట్‌లో దీని ప్రభావం తరచూ తగులుతుంది. ఒక స్ట్రక్ట్‌లో "ఆర్‌సీ ఆఫ్ టీ" ఫీల్డు ఉంది, అంటే టీ విలువని ఎంతమంది పంచుకుంటున్నారో లెక్కపెట్టే పాయింటర్. ఆర్‌సీని క్లోన్ చేయడానికి టీ క్లోన్ కానక్కర్లేదు, పాయింటర్ లెక్క పెరిగితే చాలు. అయినా క్లోన్ డిరైవ్ చేస్తే "టీ కూడా క్లోన్ అయి ఉండాలి" అనే షరతు వచ్చిపడుతుంది. మాక్రోకి ఆర్‌సీ సంగతి తెలియదు, అందుకే జాగ్రత్త కొద్దీ ప్రతి పారామీటర్‌కీ షరతు పెట్టేస్తుంది. మందు: ఆ ఒక్క ఇన్‌స్టన్స్ చేత్తో రాసుకోవడం. లైబ్రరీలు తమ సొంత డిరైవ్‌లు ఇచ్చుకునే సౌకర్యం రస్ట్ 1.15లో, 2017లో స్థిరపడింది. డేటాని జేసన్ లాంటి రూపాల్లోకి మార్చే సెర్డే లైబ్రరీ అంతగా పాకడానికి అది ముఖ్య కారణం.

ఓకామెల్‌లో భాషే ఇచ్చే సమానత్వం ఏ టైపుకైనా పనిచేస్తుంది, మెమరీలో ఉన్న ఆకారాన్నే పోలుస్తుంది. ఫంక్షన్ ఎదురైతే ఎక్సెప్షన్. తనలోకి తానే తిరిగే విలువలైతే ఆగకపోవచ్చు కూడా. ఒకే సభ్యులున్న రెండు సెట్లు, లోపలి చెట్లు వేరుగా బ్యాలెన్స్ అయి ఉంటే, సమానం కావంటుంది. అందుకే పెద్ద కోడ్‌బేసుల్లో దీన్ని పక్కనపెట్టి, పీపీఎక్స్‌తో టైపు టైపుకీ పోలిక పుట్టించుకుంటారు.

మిగతా భాషల సంగతి?

స్కాలా 3లో "డిరైవ్స్" అనే మాట భాషలోనే ఉంది, టైపు ఆకారాన్ని మిర్రర్ రూపంలో కంపైలర్ ఇస్తుంది. ఎఫ్ షార్ప్‌లో రికార్డులకీ యూనియన్లకీ సమానత్వం, పోలిక అడగకుండానే వస్తాయి, వద్దంటేనే చెప్పాలి. ప్యూర్‌స్క్రిప్ట్ హాస్కెల్ దారిలోనే వెళ్తుంది. లీన్ 4లో డిరైవింగ్ హ్యాండ్లర్లు లీన్‌లోనే రాసుకోవచ్చు. ఎల్మ్ మాత్రం కావాలనే దూరంగా ఉంది: అక్కడ జేసన్ డీకోడర్లు చేత్తోనే రాయాలి. విసుగే, కాదనను. అయితే తర్వాతి ప్రశ్న చదివాక ఎల్మ్ వాళ్ళు మరీ మొండివాళ్ళేం కాదనిపిస్తుంది.

జేసన్ ఎన్‌కోడర్, డీకోడర్ డిరైవ్ చేయొచ్చా?

మీ రెండు ప్రోగ్రాములే మాట్లాడుకుంటూ, రెండూ ఒకేసారి డిప్లాయ్ అయితే చేయండి. బయటివాళ్ళు చదివే జేసన్ అయితే ఆలోచించండి. డిరైవ్ చేసిన క్షణం నుంచి మీ ఫీల్డు పేర్లు ఇక మీ సొంతం కావు. ఎవరో లోపల ఒక పేరు బాగాలేదని మారిస్తే బయట క్లయింట్లు పడిపోతాయి, కంపైలర్‌కి ఇదేమీ తెలియదు.

పేర్లు మార్చడం అందరూ ఊహించేదే. ఊహించనిది ఇది. హాస్కెల్ ఏసన్ లైబ్రరీని మామూలు సెట్టింగులతో వాడితే, ఏ కన్‌స్ట్రక్టర్‌కీ ఫీల్డులు లేని టైపు సాదా స్ట్రింగుగా వెళ్తుంది. మన ప్రాధాన్యం టైపు కూడా అంతే:

"మామూలు"

ఇప్పుడు "ఎక్కువ"కి మాత్రం గడువు తేదీ ఒక ఫీల్డుగా కలిపారు. మిగతా రెండు కన్‌స్ట్రక్టర్లని ముట్టుకోలేదు. కానీ "అన్నీ ఫీల్డులు లేనివే" అన్న మాట ఇక నిజం కాదు కాబట్టి, "మామూలు" కూడా స్ట్రింగుగా వెళ్ళడం మానేసి "ట్యాగ్" అనే కీ ఉన్న ఆబ్జెక్ట్ అయిపోతుంది. మీరు తాకని విలువల జేసన్ మారిపోయింది! డేటాబేసులో అప్పటిదాకా దాచిన పాత జేసన్‌ని కొత్త డీకోడర్ చదవలేదు. ఒకే కన్‌స్ట్రక్టర్ ఉన్న టైపుకి రెండోది కలిపినా ఇదే తంతు: అంతవరకు లేని ట్యాగ్ వచ్చి కూర్చుంటుంది.

సెర్డే ఎంచుకున్న మామూలు పద్ధతిలో ఫీల్డులు లేని వేరియంట్ ఎప్పుడూ స్ట్రింగే, పక్క వేరియంట్ మారినా దానికి సంబంధం లేదు. ఇందులో ఒకటి ఒప్పు, ఒకటి తప్పు అని కాదు. రెండు లైబ్రరీలు ఒకే ఆకారానికి రెండు రకాల జేసన్ ఇస్తున్నాయంటే, జేసన్ రూపం టైపు ఆకారంలో లేదన్నమాట.

నా సలహా: బయటికి వెళ్ళే డేటాకి వేరే టైపులు పెట్టుకోండి. వాటికి డిరైవ్ చేసుకోండి. లోపలి టైపుల నుంచి వాటికి మార్చే ఫంక్షన్ చేత్తో రాయండి. లోపల పేరు మారితే ఆ ఫంక్షన్ దగ్గర కంపైలర్ అరుస్తుంది, జేసన్ మాత్రం కదలదు. పాత జేసన్ నమూనాలు రెండు మూడు రిపోలో దాచి, అవి ఇంకా చదవగలుగుతున్నామో లేదో టెస్టు పెట్టండి.

ఇన్వేరియంట్ ఉన్న టైపులకి డిరైవ్ చేయొచ్చా?

ఇన్వేరియంట్ అంటే టైపు విలువలు ఎప్పుడూ పాటించాల్సిన నియమం. జవాబు దిశని బట్టి. విలువని చదివి ఏదో ఒకటి ఇచ్చేవి, అంటే షో, ఈక్, ఎన్‌కోడర్ లాంటివి, ఇన్వేరియంట్‌ని చెడగొట్టలేవు. కొత్త విలువని తయారుచేసేవి, అంటే రీడ్, డీకోడర్, టెస్ట్ జనరేటర్, ఎనమ్, చెడగొట్టగలవు. ఈమెయిల్ టైపు కన్‌స్ట్రక్టర్‌ని దాచి, సరిచూసే ఫంక్షన్ ద్వారానే తయారవ్వాలని కట్టడి చేశారు. తర్వాత డీకోడర్ డిరైవ్ చేశారు. అది నేరుగా అసలు కన్‌స్ట్రక్టర్‌నే పిలుస్తుంది, నెట్‌వర్క్ నుంచి వచ్చిన ఏ చెత్త స్ట్రింగైనా ఈమెయిల్ అయిపోతుంది. ముందు తలుపుకి తాళం, పెరటి తలుపు బార్లా.

ఈక్ చెడగొట్టదు కానీ తప్పు చెప్పొచ్చు: ఒకే సెట్‌కి రెండు చెట్టు రూపాలు ఉంటే ఆకారాన్ని పోల్చడం చాలదు, సభ్యులని పోల్చాలి.

షో డిరైవ్ చేస్తే పాస్‌వర్డులు లాగుల్లోకి వెళ్తాయా?

వెళ్తాయి. షోకి రహస్యం, బహిరంగం తేడా తెలియదు. రహస్యాలకి విడిగా ఒక న్యూటైప్ పెట్టి, దాని షో మాత్రం చుక్కలు చూపించేలా చేత్తో రాయండి. అప్పుడు దాన్ని మోసే పెద్ద రికార్డుకి నిశ్చింతగా డిరైవ్ చేసుకోవచ్చు.

టెస్టుల కోసం యాదృచ్ఛిక విలువలు పుట్టించే జనరేటర్‌ని డిరైవ్ చేయొచ్చా?

చేయొచ్చు, కానీ రికర్సివ్ టైపుల దగ్గర గణితం అడ్డం తిరుగుతుంది. పైన చెట్టే తీసుకోండి. ఆకారం మాత్రమే చూసే జనరేటర్ ఆకు, కొమ్మలని సమాన అవకాశంతో ఎంచుకుంటుంది. కొమ్మ వస్తే రెండు ఉపవృక్షాలు. లెక్క వేస్తే ఈ ప్రక్రియ ఎప్పటికైనా ఆగడం ఖాయమే, కానీ చెట్టు సగటు పరిమాణం అనంతం. ఆచరణలో చాలావరకు ఖాళీ ఆకులే వస్తాయి, అప్పుడప్పుడు మెమరీ అంతా మింగే చెట్టు ఒకటి వస్తుంది.

కొమ్మకి మూడు ఉపవృక్షాలుంటే ఆగుతుందన్న హామీ కూడా పోతుంది. ఆగే సంభావ్యత క్యూ అనుకుంటే, సగం అవకాశంతో వెంటనే ఆగుతుంది, మిగతా సగంలో మూడు చెట్లూ ఆగాలి: క్యూ = సగం + సగం × క్యూ ఘనం. దీన్ని సాధిస్తే క్యూ సుమారు 0.618. అవును, గోల్డెన్ రేషియో తాలూకు సంఖ్యే. అంటే వంద పరుగుల్లో దాదాపు 38 ఎప్పటికీ ముగియవు.

మందు తేలికే: పరిమాణం అనే ఒక బడ్జెట్ మోసుకెళ్ళాలి. కిందికి దిగేకొద్దీ దాన్ని పంచాలి, అయిపోతే రికర్షన్ లేని కన్‌స్ట్రక్టర్‌నే ఎంచుకోవాలి. యాదృచ్ఛిక విలువలతో టెస్టు చేసే హాస్కెల్ లైబ్రరీ క్విక్‌చెక్‌లో ఈ పరిమాణం ముందే ఉంది. దాన్ని గౌరవించే డిరైవింగ్ లైబ్రరీని ఎంచుకోండి, లేదా రికర్సివ్ టైపులకి మాత్రం చేత్తో రాయండి.

డిరైవింగ్ వల్ల బిల్డ్ నెమ్మదిస్తుందా?

నెమ్మదిస్తుంది. మీరు రాసింది ఒక్క లైనే అయినా కంపైలర్ చూసేది వందల లైన్లు. నలభై ఫీల్డుల రికార్డుకి జెనరిక్స్‌తో ఎన్‌కోడర్ అంటే పెద్ద రెప్ టైపు, దాని మీద బోలెడు ఇన్‌స్టన్స్ వెతుకులాట, ఆ పైన ఇన్‌లైనింగ్. అన్ని టైపులకీ అలవాటుగా అన్ని క్లాసులూ తగిలించే కోడ్‌బేసుల్లో ఇది బాగా తెలుస్తుంది. వాడనివి తీసేయండి, పెద్ద టైపులని వేరే మాడ్యూళ్ళలోకి మార్చండి.

రన్‌టైమ్ విషయానికొస్తే, స్టాక్ డిరైవింగ్ చేత్తో రాసినంత వేగంగానే ఉంటుంది. జెనరిక్స్‌లో మధ్యలో కట్టే రెప్ విలువలు ఆప్టిమైజర్ దయ మీద ఉంటాయి. చిన్న టైపులకి మాయమైపోతాయి, పెద్దవాటికి మిగిలిపోవచ్చు. అనుమానం ఉంటే కొలవండి.

ఫంక్షన్ సిగ్నేచర్ ఇస్తే బాడీ కూడా దానంతటదే వస్తుందా?

కొన్నిటికి వస్తుంది. 2005లో లెనార్ట్ ఆగస్ట్‌సన్ జిన్ అనే పరికరం రాశారు. టైపుని ఒక తర్క వాక్యంగా చూసి, దానికి నిరూపణ వెతుకుతుంది, దొరికిన నిరూపణే ప్రోగ్రాం. "(బ -> చ) -> (అ -> బ) -> అ -> చ" ఇస్తే ఫంక్షన్ కంపోజిషన్ వచ్చేస్తుంది, ఎందుకంటే ఇంకోలా రాయడానికి వీల్లేదు. "అ -> అ -> అ" ఇస్తే రెండు జవాబులు చెల్లుతాయి. ఇక "లిస్ట్ అ -> లిస్ట్ అ" అనే టైపు రివర్స్‌కీ, ఇచ్చిన లిస్టుని అలాగే తిరిగిచ్చే ఫంక్షన్‌కీ, ఎప్పుడూ ఖాళీ లిస్టు ఇచ్చే ఫంక్షన్‌కీ సరిపోతుంది, వాటిలో ఏది కావాలో టైపు చెప్పదు.

ఇడ్రిస్, అగ్డా భాషల్లో టైపులే ఇంకా ఎక్కువ చెబుతాయి కాబట్టి ఎడిటర్ ఇంకా ఎక్కువ పూరించగలదు. కేసులు విడగొట్టమంటే విడగొడుతుంది, ఖాళీ వదిలిన చోట సరిపోయే పదాన్ని వెతుకుతుంది.

ఈ ఇన్‌స్టన్స్‌లన్నీ ఏఐతో రాయించుకుంటే పోలా?

రాస్తుంది, సాధారణంగా బాగానే రాస్తుంది. కానీ అది రాసి వెళ్ళిపోయిన పాఠ్యం. రేపు టైపు మారితే అది మారదు, ఎవరో మళ్ళీ అడగాలి, ఎవరో మళ్ళీ చదవాలి. డిరైవ్ చేసినది ప్రతి బిల్డులో టైపు నుంచే మళ్ళీ పుడుతుంది. ఆకారం చాలని చోట, చేత్తో రాయాల్సిన ఆ కొద్ది ఫంక్షన్లకి ఏఐ సాయం తీసుకోండి, దాని పక్కన టెస్టు పెట్టండి.

పుట్టిన కోడ్‌ని కళ్ళతో చూడొచ్చా?

చూడొచ్చు, కనీసం ఒకసారైనా చూడాలి. జీహెచ్‌సీకి డంప్ డిరైవ్ ఫ్లాగ్ ఇస్తే డిరైవ్ అయిన ఇన్‌స్టన్స్‌లు అచ్చవుతాయి. టెంప్లేట్ హాస్కెల్‌కైతే డంప్ స్ప్లైసెస్. రస్ట్‌లో కార్గో ఎక్స్‌పాండ్ విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. ఓకామెల్‌లో డ్యూన్ డిస్క్రైబ్ పీపీ కమాండుకి ఫైలు పేరిస్తే పీపీఎక్స్ విస్తరించిన రూపం వస్తుంది. పేర్లు వికారంగా ఉంటాయి, బ్రాకెట్లు గుట్టలుగా ఉంటాయి. రెండు కన్‌స్ట్రక్టర్లున్న చిన్న టైపుతో మొదలుపెట్టి, ముందు ఈక్ ఒక్కటే డిరైవ్ చేసి చదవండి, తర్వాత ఆర్డ్ కలపండి.